వాకిట్లో నిలబడ్డవాడు



కపాలీశ్వరుడి కోనేటి పక్కగా వస్తూ లజ్ చర్చి రోడ్డు కేసి చూశాను. నెల్లూరు సీమ నుంచి వచ్చి, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న వకీలు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కాపురమున్న 'ఏకామ్ర నివాస్' ఆ రోడ్డులోనిదే. మైలాపూరులో పట్టాలందుకున్న కొత్త వకీళ్లతో మాట్లాడుతూ ఆయన్ని తలుచుకోకపోతే తప్పు. అయితే నేను చెప్పదలచింది రాజ్యాంగం గురించి కాదు, నేరానికి తోడు వెళ్లినవాడి గురించి.

మీ దగ్గరికి వచ్చే మొదటి ముద్దాయి ఏ1 కాకపోవచ్చు, ఏ7 కావచ్చు. "నేను చెయ్యెత్తలేదు సార్, అక్కడ నిలబడ్డానంతే" అంటాడు. 1923లో కలకత్తా శంకరీటోలా పోస్టుమాస్టరును కాల్చి చంపిన కేసులో బరేంద్ర కుమార్ ఘోష్ కూడా వాకిట్లో నిలబడ్డానంతే అన్నాడు. ప్రివీ కౌన్సిల్ ఆ వాదనను ఒప్పుకోలేదు. పాత ఐపీసీ 34, ఇప్పటి న్యాయ సంహిత 3(5) చెప్పేది అదే: ఉద్దేశం ఉమ్మడిదైతే దెబ్బా ఉమ్మడిదే. కాబట్టి అతను ఎక్కడ నిలబడ్డాడన్నదొక్కటే అడిగి ఊరుకోకండి. ఎందుకు వెళ్లాడో, వెళ్లేముందు ఏం తెలుసో అడగండి.

ఇక మన ఊరి కేసు. 1944 నవంబరు 8న వేపేరీలో పత్రికాయన లక్ష్మీకాంతన్‌ను పొడిచారు, మర్నాడు పోయాడు. సినిమావాళ్ల గుట్టు అచ్చేసేవాడాయన. సినిమా తారలు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్, పక్షిరాజా స్టూడియో శ్రీరాములు నాయుడు ముద్దాయిలయ్యారు. వాళ్లు కత్తి పట్టారని కాదు, వెనకుండి చేయించారని అభియోగం. ముద్దాయిల్లో ఒకడు అప్రూవరయ్యాడు. నాయుడు బయటపడ్డారు, మిగతా ఇద్దరికీ యావజ్జీవం పడింది. ప్రివీ కౌన్సిల్ కేసును తిప్పి పంపాక, 1947లో మద్రాసు హైకోర్టు వాళ్లను వదిలేసింది. అప్పటికి రెండేళ్లకు పైగా జైల్లో గడిచింది. భాగవతార్ ప్రాభవం మళ్లీ రాలేదు.

అప్రూవరంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. తన మెడ తప్పించుకోవడానికి పక్కవాడి మెడ చూపించేవాడు అబద్ధమే ఆడతాడని అనను. నిజంలోనే మరో ఇద్దరి పేర్లు కలిపి చెప్పినా, ఆ అతుకు మనకు కనిపించదు. అందుకే ముఖ్యమైన అంశాల్లో వేరే సాక్ష్యం ఊతం ఉండాలంటారు. పాత సాక్ష్య చట్టం 133, ఊతం లేకపోయినంత మాత్రాన శిక్ష చెల్లదనలేమనేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 138లో 'ఊతమున్న సాక్ష్యం' అని ఉంది. ఇంగ్లీషు ప్రతిలో 'uncorroborated' అన్న మాటలోంచి రాలిపోయినవి 'un' అనే రెండే అక్షరాలు. వాటి బరువెంతో తేల్చే వాదనలు ఇక మీరు చెయ్యాల్సినవే.