ఇంటర్నెట్ నియమములు – వాటికి ప్రాణము పోయువారు

బ్యాంకు ద్వారా సొమ్ము పంపునపుడును, రైలు టిక్కెట్టు కొనునపుడును మన ఫోనునకును ఎక్కడనో ఉన్న కంప్యూటరునకును నడుమ రహస్య సంభాషణ జరుగును. ఆ రహస్యమును కాపాడు నియమావళికి టి.ఎల్.ఎస్. అని పేరు. దానిని రూపొందించునది 1986లో ఏర్పడిన ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్. ఇందు సభ్యత్వపు చందా లేదు, ఓట్లును లేవు. అనుకూలురైనవారిని పెదవి విప్పక 'హుం' అని ధ్వనింపుడని అధ్యక్షుడు కోరును. (పాటకచేరీలో శ్రుతి చూచుకొనువారు మాకు జ్ఞప్తికి వత్తురు.) అయినను ఆ ధ్వనితోపాటు వారు మన్నించునది మరియొకటి కలదు. అది నిజముగా పనిచేయు కోడు.

ఆ కోడులో చాల భాగమును ఓపెన్ సోర్స్ కార్యకర్తలు, అనగా తాము వ్రాసినదానిని ఎవరైనను చదివి, దిద్ది, వాడుకొనుటకు విడిచిపెట్టువారు, వ్రాయుచున్నారు. వారు తోడు లేనిచో నియమము ఏమగునో టి.ఎల్.ఎస్. 1.3 చరిత్ర తెలుపును.

2008 నాటి 1.2 కూర్పునకు బదులుగా క్రొత్తదాని ముసాయిదా 2014లో మొదలయ్యెను. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్ల కార్యకర్తలు ముసాయిదాలను అప్పటికప్పుడు కోడుగా మలచి పరీక్షించిరి. అప్పుడొక వింత బయటపడెను. బ్రౌజరు తన కూర్పుసంఖ్యను చెప్పవలెను. అది తెలియని సర్వరు తానెరిగిన తక్కువ సంఖ్యతో బదులీయవలెను. కాగితము మీద ఇది నిర్దోషము. లోకములోనో, క్రొత్త సంఖ్యను చూచినంతనే సంభాషణను తెంచివేయు సర్వర్లు అనేకములు కనబడినవి. నడిదారిలో కాపలా ఉన్న పరికరములలోను అట్టివి కలవు.

తప్పు వాటిదే. కాని వాటినన్నిటిని దిద్దగలవారెవరు? కావున పాత గడిలో 1.2 అనియే వ్రాసి, అసలు సంఖ్యను వేరొక చేర్పులో ఉంచవలెనని నిర్ణయించిరి. 2017లో జరిగిన బ్రౌజర్ల పరీక్షల పిదప సర్వరు ఇచ్చు బదులునకును పాత వేషమే వేసిరి. ఈ వేషము కొందరికి రుచింపకపోవచ్చును. మాకు మాత్రము ఇది వివేకముగనే తోచుచున్నది. 28వ ముసాయిదా వరకు నడచి, 2018 ఆగస్టులో నియమము వెలువడెను. మరుసటి నెలలోనే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. దానిని అందరికి అందించెను.

ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. పేరు చెప్పగనే 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అను లోపము తలపునకు వచ్చును. పొడవు సరిపడని సందేశమును పారవేయవలెనని నియమములో స్పష్టముగా ఉన్నది. కోడులో ఆ తనిఖీ జారిపోయినది. లోకమంతయు ఆధారపడిన ఆ కోడును పోషించువారు కొలదిమందియే అని అపుడు తెలియవచ్చెను. సంవత్సరమునకు మూడు మార్లు ఖండాంతరములలో జరుగు సభలకు పెద్ద సంస్థల ఉద్యోగులు పోగలరు. ఇట్టివారు స్వంత సొమ్ముతో ఎన్ని మార్లు పోగలరు?

2015 మార్చిలో డల్లాస్ నగరమున మొదలిడి, సభకు ముందరి శని, ఆదివారములలో హ్యాకథాన్ జరుపుచున్నారు. దానికి రుసుము లేదు. విమానపు ఖర్చు మాత్రము తప్పదు. అచ్చట నియమము వ్రాసినవారును కోడు వ్రాయువారును ఒకే బల్లవద్ద కూర్చుందురు. వాక్యమేదైన రెండర్థములకు తావిచ్చినచో, కోడు వ్రాయువాడు ప్రక్కనున్నవానినే అడుగును.