ఇంట్లో 6 అడుగుల రీఫ్ ట్యాంక్: స్లాబ్ లెక్క నుంచి మొదటి చేప దాకా

నా వెనకాల కనిపిస్తున్న ఈ ట్యాంక్ గురించి చెప్పమని చాలా రోజులుగా అడుగుతున్నారు. "బ్రో, ఎంతయింది?" "బ్రో, నీమో ఎక్కడ దొరికింది?" ఎక్కువగా ఇవే ప్రశ్నలు. చెప్తాను. కానీ నీమో ఈ ఎపిసోడ్ చివర్లో గానీ రాదు. ఎందుకంటే నిజంగా కూడా ఈ ట్యాంక్‌లోకి మొదటి చేప వచ్చింది నేను పని మొదలుపెట్టిన 11వ నెలలో.

ముందు ఒక పాత సంగతి. 2014 అక్టోబర్ 12. వైజాగ్ వాళ్లకి ఈ తేదీ చెప్తే చాలు. హుద్‌హుద్. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో రెండడుగుల మామూలు ఫిష్ ట్యాంక్, అందులో ఆరు గోల్డ్ ఫిష్‌లు. తుఫానుకి కరెంటు పోయింది, మా వీధికి మళ్లీ వచ్చేసరికి వారం పట్టింది. ఎయిర్ పంప్ ఆగిపోయేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాన్న మగ్గు తెచ్చి, ట్యాంక్‌లో నీళ్లు ముంచి, అడుగు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంక్‌లోకే పోయడం మొదలెట్టారు. నీళ్లు పైనుంచి పడితే గాలి కలుస్తుంది కదా, అదీ లెక్క. కాసేపు ఆయన, కాసేపు నేను. మొదటి రాత్రి అలా గడిచింది. రెండో రాత్రి నా వంతులో నేను నిద్రపోయాను. తెల్లారి చూస్తే రెండే మిగిలాయి. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే ఇన్నేళ్ల తర్వాత పెద్ద రీఫ్ ట్యాంక్ కట్టాలనుకున్నప్పుడు నేను పేపర్ మీద రాసుకున్న మొదటి ప్రశ్న లైట్ల గురించి కాదు, కోరల్స్ గురించి కాదు. "కరెంటు పోతే ఏమవుతుంది?" అంతే. డిజైన్ మొత్తం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

సైజు చెప్తాను. పొడవు 6 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు 2. గ్లాస్ 15 ఎంఎం. గ్లాస్ మందం, పైన వదిలే ఖాళీ తీసేస్తే సుమారు 740 లీటర్లు పడతాయి. కింద స్టాండ్ లోపల ఇంకో ట్యాంక్ ఉంటుంది, దాన్ని సంప్ అంటారు. అందులో ఇంకో 200 లీటర్లు. పెద్ద ట్యాంక్ అంటే కష్టం అనుకుంటారు గానీ ఒక విషయంలో చాలా సులువు. నీళ్లు ఎక్కువ ఉంటే వేడి, ఉప్పు, అన్నీ నెమ్మదిగా మారతాయి. తప్పు చేసినా సరిదిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది. రెండడుగుల ట్యాంక్ ఆ టైమ్ ఇవ్వదు. కష్టమంతా బరువు దగ్గరే.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. నేను డ్రాయింగ్ చూపిస్తే రంగులు, లైట్లు ఏమీ అడగలేదు. "మొత్తం ఎన్ని టన్నులురా?" అన్నారు. లెక్కేశాను. నీళ్లు 960 కిలోలు, రెండు ట్యాంకుల గ్లాస్ 230, స్టాండ్ 120, రాళ్లు, ఇసుక కలిపి ఇంకో వంద పైన. అటూ ఇటూ 1,400 కిలోలు. అంటే రెండు ఆల్టో కార్లు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. నా ప్లాన్ ఏమో పైన ఫస్ట్ ఫ్లోర్‌లో, నా రూమ్‌లో.

ఇళ్లల్లో గదుల స్లాబ్‌ని మామూలుగా చదరపు మీటర్‌కి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. ఐ.ఎస్. 875 అని మన స్టాండర్డ్ ఒకటుంది, అందులో ఉంటుంది ఇది. నా ట్యాంక్ కూర్చునే చోటు చదరపు మీటర్ నర కూడా లేదు. అంటే చదరపు మీటర్‌కి వెయ్యి కిలోలు, ఐదు రెట్లు. వెంటనే కూలిపోతుందని కాదు. ఆ 200 అనేది గది అంతటికీ లెక్క. కింద బీమ్ ఎక్కడుంది, గోడ ఎక్కడుంది అనేదాన్ని బట్టి మారుతుంది. కానీ అది మనం చూసి చెప్పేది కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి. నేను తీసుకెళ్లి చూపించాను. ఆయన మా ఇంటి పాత ప్లాన్ చూసి, నా రూమ్ మధ్యలో బీమ్ లేదు, అక్కడ వద్దన్నారు. ఫ్రెండ్స్, మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇది మీ ఒక్కరి విషయం కాదు. మీ స్లాబ్ అంటే కింద ఇంటివాళ్లకి కప్పు.

చివరికి గ్రౌండ్ ఫ్లోర్ హాల్లో, నాన్న దివాన్ ఉండే గోడ పక్కన పెట్టాం. నేల మీద బరువు కాబట్టి ఆ చోట గచ్చు తవ్వి కాంక్రీట్ వేయించాం. దివాన్ కిటికీ దగ్గరికి పోయింది. దాని గురించి ఇప్పటికీ వారానికోసారి వింటుంటాను.

తర్వాత నీళ్లు. నేను ఉప్పు బకెట్ల కోసం ఫోన్లో వెతుకుతుంటే నాన్న, "ఏట్రా, సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొంటావేటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆర్.కె. బీచ్ మాకు ఎంత దూరం? కానీ మన తీరంలో నీళ్ల ఉప్పదనం ఏడాదంతా ఒకేలా ఉండదు. వర్షాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు బంగాళాఖాతంలో కలుస్తాయి. అక్టోబర్, నవంబర్‌లో ఆ తక్కువ ఉప్పు నీళ్లు తీరం వెంట కిందికి దిగి మన దాకా వస్తాయి. దానికి తోడు పోర్టు, ఊరి మురుగు. ఒడ్డున ముంచిన బిందెలో ఏముందో మనకి తెలీదు. అందుకని ఆర్.ఓ. నీళ్లకి రీఫ్ సాల్ట్ కలుపుతాం. ఆర్.ఓ. అంటే ఇంట్లో తాగేది కాదు, దాని తర్వాత డి.ఐ. రెజిన్ కూడా ఉండాలి, టి.డి.ఎస్. మీటర్ సున్నా చూపించాలి. లీటర్‌కి 35 గ్రాముల ఉప్పదనం రావాలి. మొదటిసారి నింపడానికి ఉప్పే 30 కిలోల పైన పట్టింది.

ఇప్పుడు అసలు కథ. నేను పరువు పోగొట్టుకున్న రోజు.

రీఫ్ ట్యాంక్‌లో నీళ్లు ఎలా తిరుగుతాయంటే, పై ట్యాంక్ అంచు దాటిన నీళ్లు పైపులో కింద సంప్‌లోకి పడతాయి. అక్కడ ప్రొటీన్ స్కిమ్మర్ మురికిని నురగలా తీసేస్తుంది. రిటర్న్ పంప్ నీళ్లని మళ్లీ పైకి తోస్తుంది. కరెంటు పోతే పంప్ ఆగుతుంది, అంతే కదా అనుకుంటాం. కాదు. రిటర్న్ పైపు మూతి పై ట్యాంక్‌లో నీళ్లలో మునిగి ఉంటుంది. పంప్ ఆగిన క్షణం నుంచి ఆ పైపే నీళ్లని వెనక్కి లాగడం మొదలెడుతుంది. డ్రమ్ములోంచి డీజిల్‌ని ట్యూబ్ పెట్టి లాగుతారు చూడండి, అదే సైఫన్. పైపు మూతి బయటపడి గాలి దూరే దాకా ఆగదు.

నా ట్యాంక్‌లో ఒక్క సెంటీమీటర్ నీళ్లు తగ్గితే 13 లీటర్లు కిందికి వస్తాయి. సంప్‌లో ఖాళీ 140 లీటర్లు. ఈ లెక్క నాకు తెలుసు. పేపర్ మీద రాసుకున్నాను కూడా. కానీ ప్లంబింగ్ రోజు, ప్రవాహం బాగుంటుందని పైపు మూతిని 15 సెంటీమీటర్లు లోతుకి దించేశాను. 15 ఇంటూ 13. మీరే వేసుకోండి.

ఇంకా ఉప్పు కలపలేదు, మామూలు నీళ్లతో టెస్ట్. అమ్మ, నాన్న, పక్కింటి పిన్ని, అందరినీ పిలిచి మరీ, "ఇప్పుడు కరెంటు పోయినట్టు చేస్తా, చూడండి" అని ప్లగ్ పీకాను. రెండు నిమిషాలు బానే ఉంది. తర్వాత సంప్ అంచు దాటింది. ఒక 50 లీటర్లు హాల్లోకి. నేను చేతులు అడ్డం పెడుతున్నాను, దేనికో నాకే తెలీదు. అమ్మ గబగబా మడత మంచం మీది దుప్పట్లు తెచ్చింది. నాన్న మాత్రం నిదానంగా స్టాండ్ దగ్గర కూర్చుని పైపు వంక చూసి, "మూతి పైకి తియ్యి" అన్నారు. అంతే. తీశాను, ఆగింది.

ఆ రాత్రే మూతిని నీటి మట్టానికి 3 సెంటీమీటర్ల కింద ఫిక్స్ చేశాను. కొందరు చెక్ వాల్వ్ పెడితే చాలంటారు. ఆ వాల్వ్‌లో చిన్న నత్త ఇరుక్కున్నా, సున్నం పట్టినా మూసుకోదు. నా మాట వినండి, పైపు ఎత్తుని నమ్ముకోండి, వాల్వ్‌ని కాదు. డ్రెయిన్ పైపులు కూడా రెండు పెట్టండి, ఒకటి మూసుకుపోతే రెండోది ఉండాలి.

కోరల్స్ దగ్గరికి వద్దాం. ఇది కొంచెం సీరియస్‌గా వినండి. అమెరికా వాళ్ల వీడియోల్లో గట్టి అస్థిపంజరం ఉండే రాతి కోరల్స్ రంగురంగులుగా కనిపిస్తాయి. మన దేశంలో రీఫ్ కట్టే రాతి కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులి ఉన్న లిస్ట్. సీ ఫ్యాన్లు, సీ హార్స్‌లు కూడా అందులోనే. సముద్రంలోంచి తీస్తే, అమ్మితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. లక్షద్వీప్, అండమాన్, మన్నార్ గల్ఫ్, కచ్ గల్ఫ్, మనకున్న పెద్ద రీఫ్‌లు ఈ నాలుగే. అక్కడి ముక్క విరగ్గొట్టి కవర్లో పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. నాకూ ఒకాయన ఫోన్లో ఫోటోలు పంపి, "తమ్ముడూ, లైవ్ రాక్ కూడా ఉంది, కిలోల లెక్క" అన్నాడు. కాగితాలున్నాయా అని అడిగితే బ్లాక్ చేశాడు.

అబద్ధం చెప్పను, ఆ ఫోటోలు రెండు రోజులు చూసుకుంటూనే ఉన్నాను. ఒక కొమ్మ ఊదా రంగులో ఉంది. ఇంత ఖర్చు పెట్టి రాతి కోరల్ లేకపోతే అది రీఫ్ ట్యాంకేనా అనిపించింది. చివరికి రాళ్లు డ్రై రాక్ తీసుకున్నాను. కోరల్స్‌లో జొయాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటివే, బిల్లుతో. కొంతమంది సీనియర్లు దీన్ని రీఫ్ అనరు. సరే, అనకండి.

జొయాంథస్ గురించి ఒక హెచ్చరిక. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, చాలా తీవ్రమైనది. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. వాటిని అంటిపెట్టుకున్న రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం అసలే వద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి. మా అమ్మ ఒకసారి, "రాయి పాచిగా ఉందిరా, వేణ్నీళ్లు పోసి రుద్దేయనా?" అంది. ఆ రోజు నుంచి స్టాండ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు అన్నీ పెట్టాక ఖాళీ ట్యాంక్‌ని దాదాపు రెండు నెలలు అలాగే నడిపాను. చేప వదిలే వ్యర్థం అమోనియా అవుతుంది, అది చేపకే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. ఆ బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడే దాకా చేపని వేయకూడదు. నేనే కొలిచి అమోనియా వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉన్నాను. వచ్చిన చుట్టాలందరూ, "ఇంత ట్యాంక్ కట్టి రాళ్లు పెంచుతున్నాడు" అని నవ్వారు. చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు, చాలా బోరింగ్ రెండు నెలలు.

ఖర్చు అడిగారు కదా. నాలుగు లక్షలు దాటింది. బుల్లెట్ కోసం దాచుకున్నది, పైన నాన్న ఇచ్చింది. ఎంత ఇచ్చారో చెప్పొద్దన్నారు. నెలనెలా అయ్యేది కూడా చూసుకోండి. రోజంతా తిరిగే పంపులు 3 యూనిట్లు, లైట్లు ఇంకో రెండున్నర పైన, ఎండాకాలం చిల్లర్ నాలుగున్నర. మన వైజాగ్ ఎండకి చిల్లర్ లేకపోతే నీళ్లు 31, 32 డిగ్రీలకి పోతాయి, కోరల్స్ తెల్లబడిపోతాయి. రోజుకి 10 యూనిట్లు అంటే నెలకి 300. ఇంటి వాడకానికి అది కలిస్తే రేటు కూడా పై స్లాబ్‌లోకి పోతుంది. ఈ ప్రాజెక్ట్‌లో నన్ను భయపెట్టినవన్నీ స్లాబులే.

ఇక మొదటి ప్రశ్న, కరెంటు. అన్నింటినీ ఇన్వర్టర్ మీద నడపలేం, అవసరం కూడా లేదు. లైట్లు ఒక రోజు లేకపోతే ఏమీ కాదు. చేపకి కావాల్సింది ఆక్సిజన్, అంటే నీటి పైభాగం కదలాలి. అందుకని 30 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కదాన్ని మాత్రం విడిగా ఇన్వర్టర్‌కి, 150 ఏ.హెచ్. బ్యాటరీకి ఇచ్చాను. ఇన్వర్టర్ సొంతంగా తినేది కూడా కలుపుకున్నా ఒక రోజు దాకా వస్తుంది. అది కూడా అయిపోతే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపులు రెండు డ్రాయర్‌లో ఉన్నాయి.

చేపలు కూడా ఆలోచించే తీసుకున్నాను. రెండు క్లౌన్ ఫిష్‌లు, సముద్రంలో పట్టినవి కాదు, హ్యాచరీలో పుట్టినవి. తమిళనాడులో మండపం దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటిని పిల్లలు పెట్టించే పద్ధతి చేశారు. మన దగ్గరే పుట్టినవి దొరుకుతుంటే సముద్రంలోంచి ఎందుకు? నెల రోజులు వేరే చిన్న ట్యాంక్‌లో పెట్టి, రోగం ఏమీ లేదని చూసి, అప్పుడు దీంట్లో వదిలాను. వదిలిన గంటకే అదిగో, ఆ మూల పంప్ పక్కన చేరాయి. ఆరడుగుల ట్యాంక్ కట్టిస్తే అడుగు చోటులోనే ఉంటున్నాయి.

పోయిన నెల ఈదురుగాలికి రాత్రి 11కి కరెంటు పోయింది, తెల్లవారి 6 దాకా లేదు. నేను ఊళ్లో లేను. ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు. "సంప్ నిండిందా?" అన్నాను. "నాలుగు వేళ్లు ఖాళీ ఉంది. వేవ్‌మేకర్ తిరుగుతోంది. పడుకో" అన్నారు. నేను పడుకున్నాను. తర్వాత అమ్మ చెప్పింది, ఆయన మాత్రం దివాన్‌ని మళ్లీ ట్యాంక్ పక్కకి లాక్కుని, టార్చ్ పెట్టుకుని పొద్దున దాకా అక్కడే ఉన్నారట. పక్కన స్టూల్ మీద మగ్గు.

దివాన్ ఇంకా అక్కడే ఉంది, ఈ కెమెరాకి అడ్డం రాకుండా కొంచెం జరిపాను. వచ్చే ఎపిసోడ్‌లో ఆ చిన్న క్వారంటైన్ ట్యాంక్ తక్కువ ఖర్చుతో ఎలా పెట్టుకోవాలో చూపిస్తాను. ఉంటాను మరి, బై.