హీత్‌క్లిఫ్‌కు ఇంటిపేరు లేదు
(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం)



నవలలో ఒక మనిషి గతాన్ని దాచిపెడితే, కథ రక్తి కట్టడానికే గదా అంటారు పండితులు. గతం ఎవరికి ఉంచారు, ఎవరికి లేకుండా చేశారు అని మేం అడుగుతాం. ఇంగ్లండులో ఎమిలీ బ్రాంటీ 1847లో అచ్చువేసిన 'వుదరింగ్ హైట్స్' చూడండి.

ఎర్న్‌షా అనే భూమిగల రైతు లివర్‌పూల్ వీధుల్లో ఆకలితో పడివున్న నల్లని పిల్లవాణ్ణి ఇంటికి తెస్తాడు. తెచ్చేముందు వీడి యజమాని ఎవరని వాకబు చేశాడంట. తల్లిదండ్రులెవరని కాదు! లివర్‌పూల్ ఆ కాలాన బానిస వ్యాపారపు ఓడలకు పెద్ద రేవు. ఆ సంగతి రచయిత్రి ఎత్తదు. పిల్లవాడు తన భాషలో చెప్పిందే చెబుతాడు, ఎవరికీ అర్థం కాదు. ఆ ఇంట చనిపోయిన కొడుకు పేరే అతనికి పెడతారు. పేరూ అదే, ఇంటిపేరూ అదే. పక్క బంగళా దొర లాస్కర్ పిల్లాడేమో అంటాడు. తెల్లోళ్ల ఓడల్లో చాకిరీ చేసిన మన దేశపోళ్లనీ, తక్కిన ఆసియావోళ్లనీ లాస్కర్లనేవాళ్లు. ఇన్ని ఊహలు చేస్తారు గానీ, ఇంగ్లీషు నేర్చాక కూడా నీదే ఊరు నాయనా అని అడిగినోళ్లు లేరు. మన దగ్గరైతే మనిషి కనబడగానే ఇంటిపేరు అడుగుతారు, కులం తేల్చుకోడానికి. అక్కడ అడక్కుండానే తేల్చేశారు.

ఈ కథంతా చెప్పేదెవరు? ఇంటి పనిమనిషి నెల్లీ. తెల్లారేసరికి పోతాడులే అని మొదటి రాత్రి ఆ పసివాణ్ణి మెట్ల దగ్గర వదిలేసిన మనిషే. తానూ చాకిరీ చేసి బతికేదే! మనం హీత్‌క్లిఫ్‌ను చూసేది ఎక్కువగా ఆమె కళ్లతోనే.

పెద్దాయన పోయాక కొడుకు హిండ్లీ అతని చదువు మాన్పించి పొలం పనికి తోలతాడు. అతణ్ణి చేసుకుంటే పరువు తక్కువని ప్రేమించిన కేథరినే అంటుంది. చాటున విన్న హీత్‌క్లిఫ్ వెళ్లిపోయి, మూడేళ్లకు డబ్బుతో దొరలా తిరిగొస్తాడు. ఎట్లా సంపాదించాడో చెప్పరు. ఆ ఖాళీలోనే జనం దయ్యం అనే మాట నింపుతారు.

మేం అతణ్ణి వెనకేసుకు రావడం లేదు. కట్టుకున్న ఇసబెల్లాను హింసించాడు. హిండ్లీ కొడుకును, తనకు చేసినట్టే, చదువు లేకుండా పెంచాడు. రచయిత్రి ఇవేవీ దాచలేదు. తిన్న దెబ్బలూ దాచలేదు. అందుకే అసహ్యించుకుంటూనే అతణ్ణి వదల్లేం. అక్కడుంది ఆమె గొప్ప.

అదే ఏడు ఆమె అక్క షార్లెట్ 'జేన్ ఐర్' వచ్చింది. అందులో జమైకా నుంచి తెచ్చిన భార్య బెర్తా మేడగదిలో బందీ. ఆమె గతం మొగుడు చెప్పిందే మనకు దిక్కు. డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో ఆ భార్య వైపు నుంచి వేరే నవలే రాసింది.

ఎర్న్‌షాల గుమ్మం మీద 1500 అనే అంకె, వంశం పేరు చెక్కి ఉంటాయి. ఆ ఇల్లు హీత్‌క్లిఫ్ చేతికొచ్చినా రాత మారలేదు. అతను చనిపోయాక రాతి మీద ఏం చెక్కాలో తోచలేదు. ఇంటిపేరు లేదు, వయసు తెలీదు. ఒక్క పేరు, పోయిన తేదీ చెక్కారు. ఆ పేరు కూడా ఆ చనిపోయిన పిల్లాడిదే.