బలాబల గణనము



పోరునకు ముందే గెలుపును లెక్కగట్టవలెనను కోరిక నేటిది కాదు. భారతమున ఉద్యోగపర్వము తుదిని దుర్యోధనుడు, ఉభయసేనలలో ఎవరెంతటి వీరులో చెప్పుమని భీష్ముని అడిగెను. పితామహుడు పేరుపేరున వీడు రథుడు, వీడు అతిరథుడు, వీడు మహారథుడు అని అంతరువులు నిర్ణయించెను. కర్ణుని మాత్రము అర్ధరథుడనెను. అవమానపడిన కర్ణుడు, భీష్ముడు పడువరకు ఆయుధము పట్టనని శపథము చేసెను. పది దినములు కౌరవసేన కర్ణుడు లేకయే పోరినది. లెక్క చెప్పినవాని మాటయే లెక్కను మార్చివేసినది! పురాణకాలక్షేపములలో ఈ ఘట్టమును తేలికగా దాటించుట న్యాయము కాదు.

పిమ్మట పాండవసేనను ఎన్నాళ్లలో మడియింపగలరని అడుగగా భీష్మద్రోణులు చెరియొక నెల యనిరి. కృపుడు రెండు నెలలు, అశ్వత్థామ పది దినములు, కర్ణుడు అయిదే దినములు. కౌరవులకు 11 అక్షౌహిణులు, పాండవులకు 7. 1916లో లాంచెస్టరను ఆంగ్ల ఇంజనీరు, దూరమునుండి కొట్టు ఆయుధములున్నచోట బలము సంఖ్యయొక్క వర్గమును బట్టి పెరుగునని సూత్రించెను. ఆ లెక్కన 121లో 49 పోగా 72. అనగా కౌరవులకు ఇంచుమించు ఎనిమిదిన్నర అక్షౌహిణులు మిగులవలెను. 18 దినములకు మిగిలినవారు మువ్వురు.

నేడు పిల్లలు ఫోనులలో ఆడు యుద్ధపుటాటలలో ఇట్టి లెక్క చాలవరకు సరిపోవును. ఏలయన, ఏ భటునికి ఎంత ప్రాణమో, ఏ దెబ్బకు ఎంత నష్టమో ఆటను కల్పించినవారే అంకెలలో వ్రాసియుంతురు.

పి.గన్నవరము మొదలుగా కోనసీమలో సంక్రాంతికి బరిలో దింపు పుంజులకు ఆ అంకెలు వ్రాసినవారెవరు? అయినను కుక్కుటశాస్త్రము డేగ, కాకి, నెమలి, పింగళ యని రంగులు విభజించి, వారము, నక్షత్రము, జాము చూచి ఏది దేనిని గెలుచునో పట్టిక వేసినది. బరువు, వయస్సు, మేపు, కాలికి కత్తి కట్టినవాని నేర్పు పెంపకందార్లు చూతురు గాని పట్టిక చూడదు. గెలిచిన పందెమును పదేండ్లు చెప్పుకొందురు. ఓడినచో జాము తప్పినదందురే కాని పట్టిక తప్పినదనరు. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా ఇది. జంతుహింసను నిషేధించిన 1960 చట్టము, జూదమును నిషేధించిన 1974 చట్టము ఉండియు, ఈ చిట్టాను నమ్మి కొబ్బరికాయల సొమ్మును, ఇల్లాలి నగను మూడు దినములలో పోగొట్టుకొనువారు కలరు.

శాస్త్రమునందు నమ్మకము గలవారు పైస పందెము కాయకయే దానిని శోధింపవచ్చును. ఫలితము తెలియకముందే పట్టిక చెప్పినది కాగితముపై వ్రాసి, పిమ్మట ఒప్పులు ఒక వరుసను, తప్పులు వేరొక వరుసను వేయవలెను. నూరింట ఒప్పులు ఏబదికి అటునిటుగా నిలిచినచో, రూపాయి బిళ్ల నెగురవేసినను అంతే తెలియును.