మోటారు కాలడానికి కారణం లైనులో ఉంది
(శ్రీముఖలింగంలో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



గొట్టా బ్యారేజి కాలువ నీరు అందని చేలకు బోరే దిక్కు. చేను ఎండే వేళ మోటారు కాలితే వైండింగు ఖర్చు ఒకటి, ఆ నాలుగు రోజులు నీరు లేక పోయే పంట మరొకటి. నింద మాత్రం వైండింగు చేసినవాడి మీద పడుతుంది. ఒకసారి లెక్క వేసి చూద్దాం.

తీగలో పోయే ఆంప్స్‌ను తీగ నిరోధంతో గుణిస్తే దారిలో పోయే ఓల్టులు వస్తాయి. ఇది ఓమ్ సూత్రం. కిర్కాఫ్ చెప్పినవి రెండు. స్తంభం దగ్గర చీలిన కరెంటంతా కలిపితే వెనుక నుంచి వచ్చినంతే. పిల్లకాలువల నీరు కలిపితే తూము నీరైనట్టు. (కాలువలో ఊట పోతుంది, తీగలో అదీ లేదు.) రెండోది, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన ఓల్టేజిలో తీగ తిన్నది పోగా మిగిలిందే మోటారుకు.

5 హెచ్‌పీ త్రీఫేజు మోటారు సుమారు 7.5 ఆంప్స్ లాగుతుంది. లైను చివర పది ఒకేసారి నడిస్తే 75. తీగ నిరోధం 0.4 ఓములనుకోండి. ఒక్కో తీగలో 30 ఓల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 50 పోతాయి. 415 బయలుదేరితే చేరేది 365. నిబంధన ప్రకారం 6 శాతానికి మించి తగ్గకూడదు, అంటే 390 ఉండాలి. ఐదు మోటార్లే నడిస్తే ఆ 390 దగ్గర నిలుస్తుంది.

మనల్ని మోసం చేసేది వేగం. 120ని ఫ్రీక్వెన్సీ 50తో గుణించి పోల్స్ సంఖ్యతో భాగించండి. 4 పోల్స్‌కు 1500, 2 పోల్స్‌కు 3000. రోటరు దానికి కాస్త వెనకబడుతుంది. అందుకే నేమ్ ప్లేటు మీద 1440 ఉంటుంది. ఆ 4 శాతం తేడాను స్లిప్ అంటారు. ఈ లెక్కలో ఓల్టేజి ఎక్కడా లేదు చూడండి. 365కు పడినా వేగం 1420 దగ్గరే ఉంటుంది. చెవికి తేడా తెలియదు, నీరూ పడుతూనే ఉంటుంది. కానీ మోటారు తిప్పగల బలం నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆంప్స్ ఎక్కువ లాగుతుంది. ఆంప్స్ 13 శాతం పెరిగితే వైండింగులో వేడి 28 శాతం పెరుగుతుంది. స్టార్టరు రిలే మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నడిపేవాళ్లున్నారు. అది చెబుతున్నది ఈ సంగతే.

వంతులు వేసుకుని నడుపుకోవచ్చు, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటరు పెట్టుకోవచ్చు. అసలు అడగాల్సింది మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ను మోటార్ల దగ్గరకు తేవడం. దూరం సగమైతే నిరోధమూ సగమే. 2004 నుంచి కరెంటు ఉచితం కదా, ఇంకేం అడుగుతారని అనేవారుంటారు. వైండింగు మనకెవరూ ఉచితంగా చేయడం లేదు. మోటార్లకు మీటర్ల ప్రయోగానికి మొదట మన శ్రీకాకుళం జిల్లాయే గుర్తొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్లు ఇచ్చేటప్పుడూ గుర్తు రావాలి.

అన్ని మోటార్లూ నడిచే వేళ ఎలక్ట్రీషియన్‌తో స్టార్టరు దగ్గర మూడు ఫేజుల ఓల్టులు, ఆంప్స్ కొలిపించండి. మీరు స్వయంగా స్టార్టరు విప్పవద్దు. తేదీ, గంట రాయండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ కాగితాలు సంఘానికి తెస్తే, అన్నీ కలిపి ఈపీడీసీఎల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం.