సలహా కూడా అమానతే

(చిన్న వ్యాపారులకు సలహాలిచ్చే యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. అయినా ఇవాళ తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. అది సబబే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు స్థిరపడ్డ మన కుటుంబాలలో నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవారున్నారు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, బ్యాంకు కాగితంలో మరో భాష. రేపటినుంచి మీ దగ్గరకు సలహాకు వచ్చేవారి పరిస్థితీ ఇదే.

ఎవరు వస్తారు? మెట్రో స్టేషన్ పక్కన బండి పెట్టుకున్న పళ్లవాడు వస్తాడు. చైతన్యపురిలో హాస్టలు పిల్లలకు టిఫిను వండిపెట్టే అమ్మ వస్తుంది. ఒకే మిషను మీద ఇల్లు నడిపే దర్జీ వస్తాడు. వీరి పెట్టుబడి తక్కువ. మనం ఒక్క తప్పుడు సలహా ఇస్తే చాలు, ఇంటి ఆడవారి మెడలోని నల్లపూసల లచ్చా తాకట్టు కొట్టుకు పోతుంది. అందుకే సలహా కూడా అమానతే అంటాను. ఒకరు మన చేతిలో ఉంచిన సొమ్మును ఎట్లా కాపాడతామో, ఒకరు మన మాటమీద ఉంచిన నమ్మకాన్నీ అట్లాగే కాపాడాలి.

దీనికి రెండు కావాలి. ఒకటి నిజాయితీ. రెండోది ఎదుటివారి ఆచార వ్యవహారాలు, కష్టసుఖాలు తెలిసి ఉండటం. ఒకటి ఉండి రెండోది లేకుంటే ఏమవుతుందో మన కళ్లముందే చూశాం.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల సంక్షోభం వచ్చింది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. వారం వారం వసూళ్లు, గుంపుగా వచ్చి గడపలో కూర్చోవడం, ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు కూడా ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పు ఇప్పించే మనిషికి అప్పుల లెక్కమీద ప్రోత్సాహకం ఉంటే, "మీరు తీర్చగలరా అమ్మా?" అని అతను ఎందుకు అడుగుతాడు?

2018లో మన నగరంలోనే ఇంకో సంగతి జరిగింది. "ఇది వడ్డీ కాదు, హలాల్ లాభం" అని చెప్పి డిపాజిట్లు సేకరించిన ఒక సంస్థ వ్యవహారం పోలీసు కేసులదాకా పోయింది. మన భాష, మన సలాము, మన నమ్మకాలు అన్నీ తెలిసినవారే మన ముసలివాళ్ల దాచుకున్న సొమ్ము పట్టుకుపోయారు. కనుక ఆచారాలు తెలిసినంత మాత్రాన మంచి సలహాదారు కాడు. నిజాయితీ లేకుంటే ఆ తెలివే మోసానికి పనిముట్టు అవుతుంది.

ఇక మనుషులను అంచనా వేయడం గురించి ఒక మాట. మన యూసుఫ్‌గూడాలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థను అందరూ ఎరుగుదురు. 1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మెక్లెలాండ్ ఆ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులు 50 మందికి పైగా శిక్షణ ఇప్పించారు. పాత ఆచారాలు పాటించేవారు వ్యాపారంలో ముందుకు పోలేరని చాలామంది అనుకునేవారు. ఆచారాలు వారికి అడ్డు రాలేదని ఆ ప్రయోగంలో తేలింది. కాబట్టి గడ్డం చూసో, బొట్టు చూసో, బురఖా చూసో ఎవరి తెలివినీ తూచకండి. అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు పని సంగతులు చెబుతాను.

మొదటిది, లెక్క దాచకండి. గిరిగిరి అప్పు ఉదాహరణ తీసుకుందాం. పదివేల అప్పులో వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యే కదా భయ్యా" అంటారు. కానీ రోజూ కడుతూ పోతుంటే సగటున అతని చేతిలో ఉండేది సుమారు 4,500 మాత్రమే. దానిమీద మూడు నెలల పది రోజులకు వెయ్యి! ఏడాదికి లెక్కకడితే వడ్డీ నూటికి 75 దాటుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

రెండోది, ఉచితమైనదాన్ని అమ్మకండి. 2020 జూలై 1 నుంచి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు ప్రభుత్వ రుసుము లేదు. 2015లో వచ్చిన ముద్రా రుణానికి తాకట్టు అవసరం లేదు. టైపు చేసినందుకు నెట్ సెంటరువాడు కూలి తీసుకుంటే, అది సర్కారు ఫీజు కాదని విడిగా చెప్పండి. ఎవరి దగ్గరైనా మీకు కమీషను వస్తుంటే ముందే చెప్పండి. చెప్పలేని కమీషను తీసుకోకండి.

మూడోది, వడ్డీ విషయం. వీధి వ్యాపారుల స్వనిధి పథకం 2020లో పదివేలతో మొదలైంది. తర్వాత మొదటి విడత 15,000 అయింది. వడ్డీలో కొంత రాయితీ ఉన్నా అది వడ్డీ అప్పే. వడ్డీ వద్దనుకునే మనిషికి ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. నగరంలో తూర్ బైతుల్‌మాల్ వంటి వడ్డీలేని అప్పుల సంస్థలున్నాయనీ చెప్పాలి. తీసుకుంటానన్నవారికి ఫత్వాలివ్వడం మన పని కాదు. నిర్ణయం వారిది, సమాచారం మనది.

నాలుగోది, వేళ ఎరిగి పోవాలి. పొద్దున్నే బోణీ కాకముందు హిందూ సోదరుని కొట్టు ముందు నిలబడి లెక్కలడగరాదు. జుమా వేళ, రంజాన్ సాయంత్రం ఇఫ్తార్ వేళ మనవాళ్లనూ అంతే. పేరు చూసి "వీరికి ఇదే చాలు" అని ఒకరికి ఒక సలహా, ఇంకొకరికి ఇంకో సలహా ఇవ్వరాదు.

చివరిది, సంతకం. అప్పు ఆమె పేరున, డబ్బు ఇంకొకరి చేతిలో ఉండే ఇళ్లున్నాయి. "ఆపా, ఈ కిస్తీ ఎవరు కడతారు?" అని ఆమెనే అడగండి. కాగితం ఆమెకు వచ్చిన భాషలో చదివి వినిపించండి. "అచ్ఛా" అన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు. బళ్లో పిల్లలను అడిగినట్టు, "ఏం అర్థమైందో మీరే చెప్పండి" అని అడగండి. ఆమె తిరిగి చెప్పగలిగితేనే కలం చేతికివ్వండి.

"ఇప్పుడు అప్పు వద్దు" అని చెప్పవలసి వస్తే చెప్పడానికి జంకకండి. ఆ రోజు మీ రిజిస్టరులో ఒక పేరు తగ్గుతుంది, ఒక ఇల్లు నిలబడుతుంది.