విల్లుకు పేడు లేస్తే

జొన్న పాలుపోసుకునే వేళ పిట్టలను తోలడానికి మట్టి ఉండలు వేసే వెదురు విల్లు ఇంట్లోనే చేసుకుంటారు కదా. మీకు అవతలి వైపున, అంటే దాని వీపున, పేడు లేస్తే పీకకండి. విల్లు వంచినప్పుడు సాగి బలం మోసేవి ఆ నారలే. పీకినకొద్దీ చీలిక పాకుతుంది. మేకు కూడా కొట్టవద్దు. కంత పడ్డచోటే విరుగుతుంది.

ముందు నారి విప్పండి. చీలిక నారల వెంట నిలువుగా ఉంటే దుమ్ము దులిపి, వడ్రంగి జిగురు లోపలికంటా పోనిచ్చి అదమండి. చీలికకు రెండు కొసలా 2 అంగుళాలు దాటేట్టు నూలుదారం బిగించి చుట్టి, దానిమీద కూడా జిగురు పట్టించి, ఒక రోజు నీడన ఆరనివ్వవలెను. తరువాత కొద్దికొద్దిగా వంచి చూడండి.

చీలిక నారలకు అడ్డంగా ఉంటే ఏ కట్టూ నిలవదు. దాన్ని పొయ్యిలో పెట్టండి. విరిగిన బద్ద ఎగిరి కంటికి తగలవచ్చు. వెదురు మళ్ళీ దొరుకుతుంది, కన్ను దొరకదు.